నాయనకు నచ్చని మాట

మా గుడిలో తెలుగు తరగతి శనివారం పొద్దున పదింటికి మొదలవుతుంది. బ్రాంప్టన్‌లో ఉన్న ఈ గుడికి మా నాయన కూడా నాతో వస్తారు. ఆయనకు ఎనభై నాలుగేళ్లు. పిల్లల వెనక ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పుస్తకం తెరవరు. పిల్లలు గుణింతాలు చదువుతుంటే పెదవులు మాత్రం కదుపుతారు.

2025 సెప్టెంబరులో, వేసవి సెలవుల తరువాత అది మొదటి తరగతి. పదకొండేళ్ల అబ్బాయి ఒకడు కొత్త టీ షర్టు వేసుకుని వచ్చాడు. ఆగస్టులో విడుదలైన రజనీకాంత్ సినిమా షర్టు అది. గుండె మీద ఇంగ్లీషు అక్షరాలతో సినిమా పేరు పెద్దగా ఉంది: కూలీ. వాడు నేరుగా మా నాయన దగ్గరికి వెళ్లి, "తాతగారూ, కూలీ చూశారా? సూపర్‌గా ఉంది" అన్నాడు.

నాయన వాడి మొహం చూశారు. షర్టు చూశారు. చేతికర్ర తీసుకుని లేచి బయటికి వెళ్లిపోయారు. అబ్బాయి బిత్తరపోయాడు. "నేనేమన్నాను టీచర్?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు కారులో నేను నాయనకు పాఠం చెప్పాను. మేము ఇంట్లో ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడుకుంటాం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "నాయనా, తెలుగులో కూలి అంటే చేసిన పనికి ఇచ్చే డబ్బు. అంతే. ఆ అబ్బాయి తప్పేమీ అనలేదు" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి, "ఆ రోబోట్ దగ్గర ఎడమకు తిరుగు" అన్నారు. ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. తరువాతి శనివారం గుడికి రానన్నారు.

నా గురించి నాలుగు మాటలు చెప్పాలి. నేను పుట్టింది దక్షిణ ఆఫ్రికాలో, డర్బన్ పక్కన చాట్స్‌వర్త్‌లో. మా నాయన తాతగారు 1890లలో విశాఖపట్నం జిల్లా నుంచి మద్రాసు వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి నటాల్ చెరకు తోటలకు వచ్చారు. చిన్నప్పుడు గుడిలో సాయంత్రం తరగతులకు వెళ్లి అచ్చులు, హల్లులు నేర్చుకున్నాను. పెద్దయ్యాక మరిచిపోయాను. 1997లో కెనడా వచ్చాను. ఇక్కడి గుడిలో, నలభై దాటిన తరువాత, హైదరాబాదు నుంచి వచ్చిన చిన్న వయసు టీచర్ల దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు చిన్నపిల్లలకు సహాయ టీచర్ని. వారం రోజుల్లో మాత్రం నా ఉద్యోగం వేరు. ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు, చరిత్ర చెబుతాను.

ఇంగ్లీషు తరగతిలో నాకు బాగా ఇష్టమైన పాఠం ఒకటి ఉంది: మాటల అర్థాలు ఎలా మారతాయి? 'నైస్' అంటే ఇప్పుడు మంచిది, బాగుంది అని. ఏడు వందల ఏళ్ల కింద ఆ మాటకు తెలివి తక్కువవాడు అని అర్థం. దాని మూలమైన లాటిన్ మాటకు 'ఏమీ తెలియనివాడు' అని అర్థం. 'సిల్లీ' దీనికి ఎదురుగా నడిచింది. ఒకప్పుడు దేవుడి దయ ఉన్నవాడు, అదృష్టవంతుడు. తరువాత అమాయకుడు. తరువాత పాపం, జాలిపడవలసినవాడు. ఇప్పుడు తెలివి లేనివాడు. 'మీట్' అంటే ఒకప్పుడు ఏ తిండి అయినా సరే. ఇప్పుడు మాంసం మాత్రమే. 'డీర్' అంటే ఒకప్పుడు ఏ జంతువైనా. ఇప్పుడు జింక.

ఇది చెప్పినప్పుడు తెలుగు పిల్లలు ఉంటే మన మాటలు కూడా చెబుతాను. నువ్వుల నుంచి తీసిన నెయ్యి నూనె. ఇప్పుడు కొబ్బరి నూనె, పల్లీ నూనె, చివరికి యంత్రాలకు వేసేది కూడా నూనే. చీర అంటే ఒకప్పుడు ఏ బట్ట అయినా చీరే. అందుకే అడవికి వెళ్లిన రాముడు నారచీరలు కట్టాడని చెబుతారు. కంపు అంటే పాత తెలుగులో మంచి వాసన కూడా. కన్నడంలో ఇప్పటికీ అది సువాసనే. సంస్కృతంలో సభికుడు అంటే జూదశాల నడిపేవాడు. మన గుడి హాలులో మైకు పట్టుకున్నవారు "సభికులకు నమస్కారం" అంటే మనం మర్యాదగా చేతులు జోడిస్తాం. మృగం అనే మాటకు జంతువు, జింక అని రెండు అర్థాలు ఉన్నాయి. సింహం మృగరాజు. జింక కళ్ల అమ్మాయి మృగనయని. ఇంగ్లీషు డీర్ నడిచిన దారినే మన మృగం కూడా నడిచిందన్నమాట.

పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మాటలు అలా మారుతూ ఉంటాయి, వానాకాలం పోయి చలికాలం వచ్చినట్టు, అని చెప్పి పాఠం ముగిస్తాను. ఇరవై ఏళ్లుగా అలాగే ముగించాను. ఆ శనివారం తరువాత అలా ముగించడం మానేశాను.

ఇప్పుడు రోబోట్ సంగతి. దక్షిణ ఆఫ్రికా ఇంగ్లీషులో రోబోట్ అంటే రోడ్డు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలుండే సిగ్నల్. నేను టొరంటో వచ్చిన మొదటి వారంలో ఒకావిడకు దారి చెబుతూ, "రెండో రోబోట్ దగ్గర కుడికి తిరగండి" అన్నాను. ఆవిడ చుట్టూ చూసింది. ఏ యంత్రం నడిచి వస్తుందోనని వెతికింది పాపం. నేను నెల రోజుల్లో ఆ అలవాటు మానుకున్నాను. నాయన మానుకోలేదు.

ఈ మాట ఎక్కడిది? 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత ఒక నాటకం రాశాడు. అందులో మనుషుల కోసం పని చేయడానికి ఫ్యాక్టరీలో తయారు చేసిన కృత్రిమ మనుషులు ఉంటారు. వాళ్లకు ఏం పేరు పెట్టాలని ఆలోచిస్తుంటే, ఆయన అన్న యోసెఫ్ 'రోబోట్' అనమని చెప్పాడు. చెక్ భాషలో రోబోటా అంటే, రైతులు జమీందారు పొలంలో డబ్బు లేకుండా చేయవలసిన పని. తెలుగులో దానికి సరైన మాట ఉంది: వెట్టి. అంటే వెట్టిచాకిరి అనే మాట ముందు కృత్రిమ మనిషికి పేరయింది, తరువాత యంత్రమయింది, డర్బన్‌లో వీధి దీపమయింది. ఎంత దూరం!

ఆ మాట మా నాయనకు ఎక్కడా గుచ్చుకోదు. ఎందుకు గుచ్చుకోదు? డర్బన్ వీధిలో ఎవరూ ఇంకొకరి మొహం చూసి, "ఒరే రోబోట్, పక్కకు జరుగు" అనలేదు. రోబోటా చేసిన రైతులు ఎక్కడో యూరప్‌లో ఉన్నారు. ఆ పద్ధతి అక్కడ 1848లోనే పోయింది. బాధ పడినవాళ్లు ఒక చోట, మాట ఇంకో చోట. కాబట్టి ఆ మాట తేలికైపోయింది.

కూలీ సంగతి అలా కాదు. ఆ మాట, ఆ మనుషులు, ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు.

ముందు తెలుగు చూద్దాం. కూలి, చివర హ్రస్వం: పనికి ఇచ్చే డబ్బు. కూలీ, చివర దీర్ఘం: ఆ డబ్బుకు పని చేసే మనిషి. తమిళంలో, కన్నడంలో కూడా ఇలాంటి మాటే ఉంది. ఇంగ్లీషు మాట ఇక్కడి నుంచే పోయిందని కొందరు పండితులు అంటారు. గుజరాత్‌లోని కోలీ అనే జాతి పేరు నుంచి వచ్చిందని ఇంకొందరు అంటారు. రెండూ కలిసి ఉండవచ్చు. ఏదైనా, ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు అందులో తిట్టు లేదు.

1859లో నటాల్ ప్రభుత్వం 14వ నంబరు చట్టం చేసింది. భారతదేశం నుంచి కూలీలను తీసుకురావడానికి ఆ చట్టం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా సుమారు లక్షా యాభై రెండు వేల మంది అలా వచ్చారు. ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు. ఏటా ఒక షిల్లింగు పెంపు. ఐదో ఏట పద్నాలుగు. ఆడవాళ్లకు అందులో సగం. ఇంగ్లీషు 'అగ్రిమెంటు' మన వాళ్ల నోట 'గిర్మిట్' అయింది. ఫిజీ నుంచి వచ్చిన మన పాఠకులకు ఆ మాట గురించి నేను చెప్పనక్కరలేదు.

ఐదేళ్లు అయిపోతాయి. ఒప్పందం ముగుస్తుంది. కూలి ఆగిపోతుంది. అప్పుడు కూలీ అనే మాట కూడా ఆగిపోవాలి కదా? ఆగలేదు. ఒప్పందం లేకుండా, తన టికెట్టు తనే కొనుక్కుని వచ్చిన వ్యాపారి కూడా కూలీయే. 1893లో డర్బన్ వచ్చిన గాంధీ కూలీ బారిస్టరు. జోహన్నెస్‌బర్గ్‌లో మన వాళ్లు ఉన్న పేట కూలీ లొకేషన్. మొహర్రం పండుగ కూలీ క్రిస్మస్. చంకలో పాప కూడా కూలీ పాపే. పనికి ఇచ్చే డబ్బు పనివాడయింది. పనివాడు ఒక జాతి అయ్యాడు. ఆ జాతి ఎక్కడ నిలబడాలో చెప్పే మాటగా అది మిగిలింది.

1872లో నటాల్‌లో కూలీ ఏజెంటు అనే ఉద్యోగానికి పేరు మార్చి, భారతీయ వలసదారుల రక్షకుడు అన్నారు. కాగితం మీద మాట మారింది. నోటి మాట మారలేదు. 1895లో ఇంకో చట్టం వచ్చింది. ఒప్పందం అయ్యాక తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా ఉండిపోయేవాళ్లు ఏటా మూడు పౌండ్లు కట్టాలి. మూడు పౌండ్లు అంటే అరవై షిల్లింగులు. మొదటి ఏటి లెక్కన ఆరు నెలల కూలి. 1914 దాకా ఆ పన్ను ఉంది.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివాను. నాయన అలా నేర్చుకోలేదు. రెండు వారాలు గుడికి రాకుండా ఉన్నాక, ఒక రాత్రి అన్నం తిన్న తరువాత ఆయనే చెప్పారు. ఆయనకు పదేళ్లప్పుడు తండ్రితో కలిసి డర్బన్ ఊళ్లోకి బూట్లు కొనడానికి వెళ్లారు. మా తాత బడిపంతులు. ఆ రోజు కోటు, టై వేసుకున్నాడు. దుకాణంలో వెనక వచ్చిన తెల్లవాళ్లందరికీ బూట్లు చూపించాక, కౌంటరు దగ్గర ఉన్నతను తల ఎత్తకుండా, "ఆ కూలీకి ఏం కావాలో అడుగు" అన్నాడట. మా తాత బూట్ల కొలత చెప్పి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, థాంక్యూ అన్నాడట.

"ఆ థాంక్యూ నాకు ఇప్పటికీ వినబడుతుంది" అన్నారు నాయన. "నువ్వు నాకు ఆ మాటకు అర్థం చెప్పావు. నాకు అర్థం తెలియకనా?"

నేను తల వంచుకున్నాను. యాభై ఆరేళ్ల టీచర్ని. ఆ కథ నాకు అంతకు ముందు తెలియదు. ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు.

గయానా నుంచి వచ్చిన రాజకుమారి సింగ్ అనే రచయిత్రి 1973లోనే "నేను కూలీని" అని తలెత్తుకుని రాసిందని నాయనకు చెప్పాను. మారిషస్ కవి ఖాల్ తొరాబుల్లీ ఆ మాట నుంచే 'కూలిట్యూడ్' అనే కొత్త మాట చేశాడని చెప్పాను. గయానాలో పుట్టి అమెరికాలో పెరిగిన గాయత్ర బహదూర్ 2013లో వచ్చిన తన పుస్తకానికి 'కూలీ వుమన్' అని పేరు పెట్టిందని, అది ఆమె ముత్తవ్వ కథ అని కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "వాళ్లు తీసుకున్నారు. మంచిదే. నాకు మాత్రం ఇవ్వొద్దు" అన్నారు.

ఇది ఇక్కడితో అయిపోతే నాకు పని సులువు. ఆ మాట వద్దని తరగతిలో ఒక నియమం పెట్టేదాన్ని. నిజానికి పెట్టబోయాను కూడా. తల్లిదండ్రులకు ఒక చిన్న సందేశం పంపాను: దయచేసి పిల్లలకు ఆ షర్టు వేయకండి, ఆ మాట కొందరికి బాధ కలిగిస్తుంది, అని. ఆ సాయంత్రమే అబ్బాయి వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. ఖమ్మం జిల్లా పల్లెటూరి మనిషి. ఇక్కడ బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం.

"షర్టు సంగతి సరే అక్కా, వెయ్యను" అంది. "కానీ ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. మా అమ్మ కూలికి పోయేది. మిరపకాయ కోతకు, పత్తి తీయడానికి, నాట్లకు. ఇప్పుడు అరవై దాటినా ఉపాధి హామీ పనికి పోతానంటది. ఆమె కూలి డబ్బుతోనే నేను ఇంజనీరింగ్ చదివిన. నా కొడుక్కి మా అమ్మ గురించి ఏమని చెప్పాలె? ఆ మాట బూతు అని చెప్పాల్నా?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే నిలబడ్డాను. ఆమె చెప్పింది నిజం. నాయన చెప్పింది నిజం. తెలుగులో కూలికి వెళ్లడం అంటే కష్టపడి తినడం. నలుగురి ముందు చెప్పుకోదగ్గ మాట. డర్బన్ దుకాణంలో ఆ మాట ఒక మనిషిని అతని కొడుకు ముందు చిన్నవాడిని చేసింది. అక్షరాలు అవే. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి పోయి, నటాల్‌లో ఒక వందేళ్లు ఉండి, ఆ టీ షర్టు మీద ఇంగ్లీషు అక్షరాల్లో మళ్లీ తెలుగు పిల్లవాడి దగ్గరికి వచ్చింది. వాడు దాన్ని తెలుగులో చదివాడు. మా నాయన ఇంగ్లీషులో చదివారు.

మా బడిలో చరిత్ర పాఠం చెప్పేటప్పుడు కూడా ఈ మాట వస్తుంది. 1881 నుంచి 1885 వరకు బ్రిటిష్ కొలంబియాలో రైలు మార్గం వేసిన చైనా పనివాళ్లను ఇక్కడి పత్రికలు అదే మాటతో పిలిచాయి. రైలు పని అయిపోయిన ఏడే చైనా నుంచి వచ్చేవాళ్ల మీద తలకు యాభై డాలర్ల పన్ను వేశారు. 1903కల్లా అది ఐదు వందలు. 2006లో కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. అంటే మన మాట నాకంటే వందేళ్ల ముందే కెనడా చేరింది, చైనావాళ్ల నెత్తిన కూర్చుని. నటాల్ పన్ను, ఇక్కడి పన్ను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ మాట ఎందుకు పనికొచ్చిందో తెలుస్తుంది. పని కావాలి, మనిషి అక్కరలేదు. అలా అనుకున్నవాళ్లకు ఆ మాట కావలసి వచ్చింది.

వానాకాలం పోయి చలికాలం వచ్చినట్టు మాటలు మారతాయని నేను చెప్పేదాన్ని కదా. 'నైస్', 'నూనె' విషయంలో అలా చెప్పినా ఎవరికీ నష్టం లేదు. ఈ మాటను మాత్రం మనుషులు మార్చారు. చట్టం రాసినవాళ్లు, దుకాణంలో కూర్చున్నవాళ్లు, పత్రికలు అచ్చువేసినవాళ్లు, రోజూ కొంచెం కొంచెంగా మార్చారు.

అక్టోబరు నెలలో ఒక శనివారం అబ్బాయి వాళ్ల అమ్మను తరగతికి రమ్మన్నాను. నాయనను కూడా బతిమాలాను. వచ్చారు. బోర్డు మీద ఏమీ రాయలేదు. ఆవిడ పిల్లలకు తన చిన్నప్పటి సంగతి చెప్పింది. పొద్దున ఐదింటికి అమ్మ సద్దిమూట కట్టుకుని వెళ్లడం, సాయంత్రం కొంగు ముడిలో డబ్బు తెచ్చి డబ్బాలో వేయడం. తరువాత నాయన ఇంగ్లీషులో, మధ్యమధ్య తెలుగు ముక్కలతో, బూట్ల దుకాణం కథ చెప్పారు. పిల్లలు కదలకుండా విన్నారు. ఆ అబ్బాయి, "తాతగారూ, సారీ" అన్నాడు. నాయన వాడి భుజం తట్టి, "నీకు తెలియదు కదా" అన్నారు.

తరువాత నాయన ఆవిడ వైపు తిరిగి, "మీ అమ్మ కలుపు కూడా తీసేదా?" అని అడిగారు.

"తీసేది తాతా. నడుము పడిపోయేది."

"మా అవ్వ కూడా చెరకు తోటలో కలుపు తీసింది" అన్నారు. "రోజుకు ఎంత ఇచ్చేవాళ్లు మీ అమ్మకు?"

ఆవిడ లెక్క చెప్పింది. ఆయన షిల్లింగుల లెక్క చెప్పారు. ఇద్దరూ పది నిమిషాలు పొలం పని గురించే మాట్లాడుకున్నారు. నేను గమనించాను: అంతసేపూ ఆవిడ కూలి అంటూనే ఉంది, నాయన ఒక్కసారి కూడా అనలేదు. "డబ్బు" అన్నారు, "జీతం" అన్నారు. ఆవిడ అన్నప్పుడు మాత్రం లేచి వెళ్లలేదు.

ఇప్పుడు మా తరగతి పద్ధతి ఇది. తెలుగు వాక్యంలో కూలి అనే మాట నేర్పుతాం. కూలికి వెళ్లడం, రోజు కూలి, కూలి నాలి చేసి బతకడం, అన్నీ నేర్పుతాం. ఎందుకంటే అది మన అవ్వల మాట. ఇంగ్లీషులో ఆ మాటతో ఎవరినీ పిలవకూడదని కూడా నేర్పుతాం. పిల్లలకు రెండూ అర్థమవుతాయి. పెద్దవాళ్లకే కొంచెం సమయం పడుతుంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి మాట ఒకటి ఉండవచ్చు. సువా నుంచి వచ్చినా, పోర్ట్ లూయీ నుంచి వచ్చినా, డర్బన్ నుంచి వచ్చినా. ఏ మాట వినగానే మీ పెద్దవాళ్లు లేచి వెళ్లిపోతారో గమనించండి. నిఘంటువు తీసే ముందు వాళ్ల పక్కన కూర్చుని అడగండి. వాళ్లు చెప్పింది రాసి పెట్టుకోండి, మీకు వచ్చిన తెలుగులోనే.